దోమ ఎప్పుడో పోయింది, ఒళ్లే ఒంటి మీద పడింది

డాక్టరమ్మకు జాబు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన జాబుల్లో సగానికి పైగా ఒకటే గోడు. "జ్వరం ఎప్పుడో తగ్గింది, నొప్పులు మాత్రం వదలడం లేదు." కార్తీకంలో పడ్డ వానలకు మా తిరుపతిలోనూ, చిత్తూరు వైపు పల్లెల్లోనూ దోమజ్వరాలు ఇంటింటికీ తిరిగాయి. ఇప్పుడు ఫాల్గుణం. కుట్టిన దోమ ఈపాటికి బతికి ఉండదు, దాని ఆయుష్షే కొన్ని వారాలు. వైరస్ కూడా రక్తంలో వారం, పది రోజులకు మించి ఉండదు. మరి నాలుగు నెలలుగా ఈ నొప్పి పెడుతున్నది ఎవరు? చాలా జాబులకు జవాబు ఒకటే: మన ఒళ్లే. రోగాన్ని తరమడానికి లేచిన మన బలగమే తరమడం ఆపలేక సొంత కీళ్ల మీద, నరాల మీద, రక్తకణాల మీద పడుతోంది. దీన్నే ఆటో ఇమ్యూన్ అంటున్నారు. అందుకే ఈ నెల ఆ జాబులే తీశాను. షుగరు, థైరాయిడ్ వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అమ్మా, మాది పలమనేరు దగ్గర పల్లె. నాకు నలభై ఆరేండ్లు. మూడు సీమావులు ఉండాయి, పాలు పోసి సంసారం నెట్టుకొస్తాం. కార్తీకంలో చికెన్ గున్యా వచ్చింది. జ్వరం నాలుగు దినాలే. నొప్పులు నాలుగు నెలలైనా పోలేదు. పొద్దున నాలుగున్నరకు లేస్తే వేళ్లు మడవను రాదు, చెంబు పట్టుకునేదానికి కాదు. ఏడైతే కొంచెం వదులుతాయి. అప్పటికి పాలవ్యాను వెళ్లిపోతుంది. అంగట్లో సెట్టు మాత్రలు తెచ్చుకుంటే ఆ పూటకు బాగుంటుంది. రక్తపరీక్షలో ఆర్.ఏ. ఫ్యాక్టర్ కొంచెం ఎక్కువుంది, కీళ్లవాతం అన్నారు. ఇది జన్మంతా ఉంటుందా?

జవాబు: అమ్మా, మీ జాబులో "చెంబు పట్టుకునేదానికి కాదు" అన్న చోట నేను చదవడం ఆపేశాను. 2006 ఎండాకాలంలో నాదీ అదే కథ. పేషంటు చేతికి బీపీ పట్టీ చుట్టి, రబ్బరు బల్బు నొక్కబోతే వేళ్లు ముడుచుకోలేదు. రెండు చేతులతో పట్టుకుని, తొక్కినట్టుగా నొక్కాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన "నీకే బాగలేదు, నాకేం చూస్తావు తల్లీ" అని లేచిపోయాడు. ఇంట్లో టూత్‌పేస్టు మూత మా ఆయన తిప్పి ఇవ్వాలి. ఆ ఏడాది మా వీధిలో కోడికూర మానేసిన ఇళ్లు కూడా ఉన్నాయి, పేరులో "చికెన్" ఉందని. కోళ్ల పాపం ఏమీ లేదు. ఆ మాట ఆఫ్రికాలోని మకొండే భాష నుంచి వచ్చింది, ఒంగిపోయేలా చేసేది అని అర్థం. 1952లో ఇప్పటి టాంజానియాలోని మకొండే పీఠభూమిలో ఈ జ్వరం కనబడ్డప్పుడు అక్కడివాళ్లు పెట్టిన పేరు. మన దేశంలో మొదట 1963లో కలకత్తాలో, మరుసటి ఏడు మద్రాసు, రాయవేలూరు వైపు వచ్చింది. 1973 తర్వాత ముప్పై ఏళ్లకు పైగా జాడ లేదు. 2005 చివర మళ్లీ లేచినప్పుడు ముందు పడింది మన ఆంధ్రలోనే. అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాలు ఒంగిపోయాయి. 2006లో దేశం మొత్తం మీద సుమారు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి.

ఇక మీ వేళ్ల సంగతి. మామిడితోటకు కావలి కుక్క ఉందనుకోండి. రాత్రి దొంగలు పడ్డారు, కుక్క తరిమింది, పారిపోయారు. పోతూ పోతూ చెప్పులు తోటలోనే వదిలేశారు. తెల్లారినా కుక్క ఆ చెప్పుల వాసనకు మొరుగుతూనే ఉంటుంది, అడ్డమొస్తే మనల్ని కూడా కరుస్తుంది. చికున్‌గున్యా కీళ్లలో జరిగేది చాలావరకు ఇదే. రీయూనియన్ దీవిలో పెద్ద ఎత్తున ఈ జ్వరం వచ్చాక, ఏడాదిన్నర దాటినా నొప్పులు పోని మనిషి కీలుపొర తీసి చూస్తే, అక్కడి కణాల్లో వైరస్ తాలూకు ముక్కలు కనిపించాయి. పిల్లలు పెట్టే వైరస్ కాదు, ముక్కలు. వాటిని చూసి మన బలగం మంట పెడుతూనే ఉంటుంది. అందులో వైరస్ ముక్కల పాలెంత, తన పర తేడా తెలియక సొంత కీలునే కొట్టే పాలెంత అన్నది డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్న విషయమే. మీకు తెలియాల్సింది ఏమిటంటే మీ ఒంట్లో ఇప్పుడు వైరస్ పెరగడం లేదు. మీ వల్ల ఇంట్లోవాళ్లకు అంటదు.

కీళ్లవాతం అన్నారు కదా, ఆ మాటకు అప్పుడే భయపడొద్దు. ఆర్.ఏ. ఫ్యాక్టర్ కొంచెం ఎక్కువ కావడం వైరస్ జ్వరాల తర్వాత కనబడేదే, వయసు పైబడిన వాళ్లలో ఊరికే కూడా ఉంటుంది. అసలైన కీళ్లవాతమా కాదా అని తేల్చడానికి యాంటీ సీసీపీ అనే పరీక్ష దానికంటే నమ్మకమైనది. చికున్‌గున్యా నొప్పుల్లో అది చాలామందికి నెగటివ్ వస్తుంది. బాగా ఎక్కువగా పాజిటివ్ వచ్చి, చేతుల ఎక్స్‌రేలో ఎముక అంచులు కొరికినట్టు కనబడితే అప్పుడు అది మామూలు కీళ్లవాతమే, జ్వరం దాన్ని బయటికి లాగిందనుకోవాలి. రెండింటికీ పొద్దున పూట బిగుసుకోవడం ఒకేలా ఉంటుంది కాబట్టి చేత్తో పట్టి చూసినంత మాత్రాన నేనైనా చెప్పలేను. మూడు నెలలు దాటిన నొప్పి, గంటకు పైగా వదలని బిగుతు, కంటికి కనిపించే వాపు, ఈ మూడూ ఉంటే రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతాలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మీకు రాయవేలూరు సీఎంసీ బస్సు దూరమే, అక్కడ ఆ విభాగం ఉంది.

ఇప్పుడు తిట్టాల్సిన చోటికి వస్తున్నాను. సెట్టు మాత్రలు. కాగితంలో చుట్టి ఇచ్చే ఆ నాలుగు మాత్రల్లో పేరు లేని చిన్న తెల్లది ఒకటి ఉంటుంది చూడండి. చాలాసార్లు అది స్టెరాయిడ్. ఆ పూటకు దేవుడిలా పనిచేస్తుంది. నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, షుగరు లేస్తుంది, ఎముక గుల్లవుతుంది. అలాగని ఈ జాబు చదివి రేపే పారేయకండి. నెలల తరబడి మింగినదాన్ని ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదముంది. మిగిలిన సెట్టు పట్టుకుని డాక్టరుకు చూపించండి, మెల్లగా తగ్గించి ఆపుతారు. స్టెరాయిడ్ చెడ్డదని నేననడం లేదు. తక్కువ మోతాదులో, కొద్ది రోజులకు, లెక్క చూసి మేమూ రాస్తాం. పేరు, లెక్క లేకపోవడమే తప్పు.

పెద్ద డాక్టరు రెండు మందుల్లో ఏదో ఒకటి రాయొచ్చు. ఒకటి హైడ్రాక్సీ క్లోరోక్విన్, దానికి కంటి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. రెండోది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. మళ్లీ చెప్తున్నాను, వారానికి ఒక్క రోజు. చీటీ సరిగా చదవక రోజూ మింగి, నోరంతా పుండ్లు పడి, తెల్లకణాలు పడిపోయి వచ్చినవాళ్లను నా కళ్లతో చూశాను. వారంలో ఏ రోజో డాక్టరును అడిగి, సంత రోజు అన్నట్టు గుర్తు పెట్టుకోండి. మరో రోజున ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉంటుంది, అది వేరు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు కావాలనుకునేవాళ్లు మెథోట్రెక్సేట్ ముట్టుకోకూడదు.

ఈలోగా పొద్దున లేవగానే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చేతులు పదిహేను నిమిషాలు ముంచి, నీళ్లలోనే పిడికిలి మూసి తెరవండి. ఇంకో మాట, బొటనవేలు మడిచి, కణుపుతో చన్ను నొక్కి పిండే అలవాటు మన వైపు ఎక్కువ. ఆవు చన్నుకూ మంచిది కాదు, మీ బొటనవేలి కీలుకు అసలే కాదు. నిండు పిడికిలితో పిండండి. అదీ కాకపోతే ఓ రెండు నెలలు చేతి పని ఇంట్లో మగవాళ్లకు అప్పజెప్పండి. మూడు ఆవులూ మీ ఒక్కరి పేరు మీదే లేవు కదా.

జన్మంతా ఉంటుందా అన్నారు. నలభై దాటిన ఆడవాళ్లకు, ముందే కీళ్లనొప్పులున్నవాళ్లకు ఎక్కువ రోజులు పడుతుంది. అయినా ఎక్కువమందికి నెలల్లోనో, ఏడాది రెండేళ్లలోనో సద్దుమణుగుతుంది. నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ప్రశ్న: మాది చిత్తూరు టౌను. నా భార్యకు ఇరవై ఏడేళ్లు, ఇంట్లోనే మిషను కుడుతుంది. ఈ ఏడాదిలో మూడుసార్లు డెంగీ వచ్చింది. ప్రతిసారీ జ్వరం, ఒళ్లునొప్పులు, ప్లేట్‌లెట్లు లక్ష లోపు. మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. ఆమె ఒంట్లో శక్తి లేకనా?

జవాబు: నాయనా, ఏడాదిలో మూడుసార్లు డెంగీ అంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. రిపోర్టులు తీసి చూడండి. జ్వరం మొదటి నాలుగైదు రోజుల్లో చేసే ఎన్ఎస్1 పరీక్ష, అంటే వైరస్ వదిలే ప్రొటీన్‌ను పట్టే పరీక్ష, పాజిటివ్ వచ్చింది ఏ సారి? మీరు పంపిన ఫోటోల్లో మొదటిసారికే అది ఉంది. మిగతా రెండుసార్లూ ఐజీఎం గీత ఒక్కటే చూశారు. అది వైరస్‌ను పట్టడానికి మన ఒళ్లు తయారుచేసే ఆంటీబాడీ గుర్తు. డెంగీ వచ్చి తగ్గాక ఆ గీత రెండు మూడు నెలల పాటు కనబడుతూనే ఉంటుంది. పాత గీతను చూసి కొత్త జ్వరం అనుకున్నట్టున్నారు.

మరి జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోవడం ఎందుకు? ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీ అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. జ్వరం, కీళ్లనొప్పులు, ప్లేట్‌లెట్లు తక్కువ. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గంగమ్మ జాతర అప్పుడే అయింది, నాలుగు రోజులు ఎండలో తిరిగిందన్నారు. ఎండదెబ్బ, వైరల్ ఫీవర్ అని రాసి పంపాను. రెండు నెలలకు మళ్లీ వచ్చారు, మళ్లీ అదే రాశాను. మూడోసారి వాళ్లమ్మ "పిల్ల ఉచ్చకు పోతే సబ్బునురగ లాగా వస్తోంది మేడమ్" అంది. అప్పుడు తలెత్తి ఆ పిల్ల ముఖం సరిగా చూశాను. ముక్కు మీదుగా రెండు బుగ్గలకూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు. ఎండ తగిలితే రేగే ఎరుపు. అది లూపస్. మన బలగం కీళ్లు, చర్మం, ప్లేట్‌లెట్లు, మూత్రపిండాలు అన్నిటి మీదా ఒకేసారి తిరగబడే జబ్బు. పది మందికి వస్తే తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో.

లూపస్ చూడ్డానికి డెంగీ లాగే ఉంటుంది, డెంగీ లూపస్ లాగే ఉంటుంది. డెంగీ తర్వాతే లూపస్ బయటపడ్డ రోగుల గురించి డాక్టర్లు రాసినవీ ఉన్నాయి. లోపల నిద్రపోతున్నదాన్ని జ్వరం లేపిందనుకోవచ్చు. మీ భార్యకు అదేనని నేననను. జుట్టు ఊడటం, నోట్లో పుండ్లు, ఎండకు బుగ్గలు కందడం ఉన్నాయేమో అడగండి. మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించండి, ఖర్చు కొంచెమే. సొంత కణాల మీదికే లేచిన ఆంటీబాడీలను పట్టే ఏఎన్ఏ అనే రక్తపరీక్ష కూడా. అది కొద్దిగా పాజిటివ్ వచ్చినంత మాత్రాన గుండెలు బాదుకోవద్దు, జ్వరాల తర్వాత, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా అలా వస్తుంది. అన్నీ కలిపి చూసేవాళ్లకు చూపించండి. వచ్చే నెల దాకా ఆగకండి.

ప్రశ్న: తిరుపతిలో ఉంటాం. మా అమ్మాయికి ఆరో తరగతిలో డెంగీ వచ్చి తగ్గింది. ఇప్పుడు పదో తరగతి. ఒకసారి వస్తే మళ్లీ రాదు కదా? ఆంటీబాడీలు ఉంటాయి కదా? అప్పుడు ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోతే ఎక్కించమని ఎంత బతిమాలినా డాక్టరు ఎక్కించలేదు. మా టెన్షన్ మీకు తెలియనిది కాదు. మా ఇంటి ముందు మురుగుకాలువ ఉంది, ఎన్నిసార్లు చెప్పినా బాగుచేయరు.

జవాబు: వస్తుంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోతే ఆ రకం మళ్లీ రాదు, మిగతా మూడింటికీ తలుపు తెరిచే ఉంటుంది. పైగా రెండోసారి వేరే రకం వస్తే ముదిరే అవకాశం ఎక్కువ. మొదటిసారి తయారైన ఆంటీబాడీలు కొత్త రకాన్ని పట్టుకుంటాయి కానీ చంపలేవు. ఆ పట్టు ఆసరాతోనే వైరస్ మన తెల్లకణాల్లోకి ఇంకా సులువుగా దూరిపోతుంది. 1960లలో బ్యాంకాక్ పిల్లల్లో దీన్ని గమనించిన అమెరికా డాక్టరు స్కాట్ హాల్‌స్టెడ్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. 2016లో ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా బడిపిల్లలకు డెంగీ టీకా వేశారు. అంతకు ముందు ఎప్పుడూ డెంగీ రాని పిల్లలకు ఆ టీకాయే మొదటి డెంగీ లాగా పనిచేసి, తర్వాత నిజం డెంగీ వస్తే ముదిరే ముప్పు ఉందని 2017 నవంబరులో తయారీదారులే చెప్పారు. కార్యక్రమం ఆగిపోయింది. మన దేశంలో 2024 ఆగస్టులో మొదలైన టీకా ప్రయోగం ఆచితూచి నడవడానికి కారణం ఇదే. "టీకా ఎప్పుడొస్తుంది మేడమ్" అని విసుక్కునేవాళ్లకు నేను ఈ కథే చెప్తాను.

ప్లేట్‌లెట్లు పడిపోవడంలో ఎముక మూలుగ కొన్నాళ్లు మందగించడం ఒక కారణం. రెండోది మన ఒంటి బలగం పొరపాటే. ఇందాకటి మామిడితోటకే వద్దాం. ఈసారి కుక్క కాదు, కావలి మనిషి. "ఎర్ర తువ్వాలు వేసుకున్నవాడు దొంగ, కనబడితే వదలొద్దు" అని చెప్పి ఊరెళ్లారు. ఆ సాయంత్రం ఇంటి అల్లుడు ఎర్ర తువ్వాలు భుజానేసుకుని తోటకొచ్చాడు. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. డెంగీ వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రొటీన్‌లో కొన్ని భాగాలకు, మన ప్లేట్‌లెట్ల మీద, రక్తనాళాల లోపలి పొర మీద ఉండే కొన్ని భాగాలకు పోలిక ఉంది. దాని మీదికి తయారైన ఆంటీబాడీలు వీటినీ కొడతాయి.

ఇలా కొట్టే చోట బయటినుంచి ఇంకో నలుగురు అల్లుళ్లను పంపితే ఏమవుతుంది? వాళ్లకూ దెబ్బలే. ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా నిలవవు. అందుకే రక్తస్రావం లేనప్పుడు 10 వేల లోపు పడితే తప్ప ఎక్కించరు. మీ డాక్టరు చేసింది సరైన పని, మీరు బతిమాలినా లొంగలేదంటే ఆయన్ని మెచ్చుకోవాలి. చూడాల్సింది ఇంకోటుంది. జ్వరం తగ్గిన రోజే పండగ చేసుకోకూడదు. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి రక్తం చిక్కబడుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, పిల్ల మందకొడిగా పడి ఉండటం, వీటిలో ఏది కనబడ్డా అర్ధరాత్రైనా ఆస్పత్రికే. రిపోర్టులో ప్లేట్‌లెట్ల అంకెతో పాటు హెమటోక్రిట్ అని ఉంటుంది, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పేది అదే, డాక్టర్లు ముందు చూసేది దాన్నే. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వద్దు.

మురుగుకాలువ మీద మీ కోపం న్యాయమే, కానీ డెంగీ నేరం దాని మీద వేయకండి. ఈ చారల దోమకు కావలసింది మంచినీళ్లు. నీళ్లు రాని రోజుకని మీరు నింపి పెట్టుకున్న డ్రమ్ము, ఫ్రిజ్ వెనక ట్రే, పెరట్లో వాడని రోలు, మనీప్లాంట్ సీసా. శుక్రవారం డ్రై డే అని నీళ్లు వంపేస్తే సరిపోదు, గుడ్లు అంచుకు అతుక్కుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి. మా ఇంట్లో డ్రమ్ము తోమే డ్యూటీ మా ఆయనది.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. తమ్ముడికి ముప్పై రెండు. రెండు వారాల కింద జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి తగ్గాయి. మూడు రోజులుగా పాదాలు తిమ్మిరి, నిన్న బాత్రూములో కూర్చుని లేవలేకపోయాడు. నీరసమని సెలైన్ పెట్టారు. ఏ టానిక్ మంచిది?

జవాబు: ఈ జాబుకు జవాబు పత్రికలో రాయడానికి ఆగలేదు. కింద ఫోన్ నంబరు ఉంది కాబట్టి చదవగానే చేశాను. నీరసం వేరు, బలం పోవడం వేరు. నీరసమున్నవాడు మూలుగుతూనైనా లేస్తాడు. ఈ అబ్బాయి లేవాలనుకున్నా కాళ్లు లేపలేదు. అదీ రెండు కాళ్లూ ఒకేలా, పాదాల నుంచి పైకి పాకుతూ. ఫోన్ అతని చేతికిమ్మని, "గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒక్క గుక్కలో ఒకట్లు చెప్పు నాయనా" అన్నాను. ఇరవై నాలుగు దగ్గర గొంతు ఆగింది. ఆ వయసు మనిషి నలభై దాకా తేలిగ్గా చెప్పాలి. ఆ రాత్రే వెంటిలేటర్ ఉన్న పెద్దాస్పత్రికి పంపించాను.

అది గులియన్ బారే సిండ్రోమ్, పేపర్లలో జీబీఎస్ అని చదివి ఉంటారు. 2025 జనవరిలో పుణెలో ఒక్కసారిగా చాలామందికి వచ్చిందే. అక్కడ ఎక్కువగా కారణం కడుపులోకి పోయిన ఒక బాక్టీరియా. దోమజ్వరాల తర్వాత కూడా వస్తుంది. 2013, 14లో ఫ్రెంచ్ పాలినీషియా దీవుల్లో జికా అనే మరో దోమజ్వరం వచ్చినప్పుడు 42 మందికి ఇది వచ్చింది, లెక్కేస్తే జికా సోకిన లక్ష మందిలో సుమారు 24 మందికి. చికున్‌గున్యా, డెంగీ తర్వాత కూడా అరుదుగా చూస్తాం. వైరస్ మీదికి లేచిన ఆంటీబాడీలు నరాలకు కరెంటు వైరు మీది తొడుగులా ఉండే పొరను పొరపాటున కొడతాయి. తొడుగు పోయిన వైరులో కరెంటు దారి తప్పినట్టే, కాలికి మాట అందదు.

ఇందులో స్టెరాయిడ్లు పనికిరావు. ఐవీఐజీ అనే ఇంజెక్షన్ ఐదు రోజులు ఇస్తారు, లేదా రక్తంలోని ప్లాస్మాను మారుస్తారు. రెండింటికీ గుణం ఒకటే, తొందరగా మొదలుపెట్టాలి. ఛాతీ కండరాలకు పాకితే ఊపిరి ఆడదు, అదే ప్రాణాపాయం. దాన్ని దాటిన వాళ్లలో ఎక్కువమంది ఆరు నెలల్లో తమంతట తాము నడుస్తారు. ఈ అబ్బాయి వెంటిలేటర్ దాకా పోలేదు. పోయిన వారం వాళ్లక్క ఫోన్ చేసింది, గోడ పట్టుకుని వంటింటి దాకా వచ్చి కాఫీ అడిగాడట. అన్నట్టు, ఆమెకు టానిక్ పేరు నేనింకా చెప్పలేదు. చెప్పేది లేదు.

ప్రశ్న: చికున్‌గున్యా నొప్పులకు పుత్తూరు కట్టు కట్టించుకోవచ్చా?

జవాబు: పుత్తూరు కట్టు విరిగిన ఎముక కదలకుండా పట్టి ఉంచడానికి. మీకు ఎముక విరగలేదు, కీలు లోపలి పొర వాచింది. విరిగినదానికి కదలకపోవడం మందు, వాచి బిగుసుకున్నదానికి మెల్లగా కదపడం మందు. మూడు వారాలు కట్టి ఉంచితే ఆ బిగుతు ఇంకా గట్టిపడుతుంది. వద్దు.

ప్రశ్న: డెంగీ తగ్గిన రెండు నెలలకు జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడిపోతోంది. ఇదీ ఆటో ఇమ్యూనేనా? డిగ్రీ చదువుతున్నాను, చాలా బాధగా ఉంది.

జవాబు: కాదు తల్లీ. పెద్ద జ్వరం వచ్చినప్పుడు వెంట్రుకలు చాలావరకు ఒకేసారి నిద్రలోకి పోతాయి, రెండు మూడు నెలలకు ఒకేసారి రాలతాయి. కుదుళ్లు పాడవవు. ఆరు నెలల్లో మళ్లీ వస్తుంది. గుండ్రంగా రూపాయి బిళ్లంత మచ్చల్లా ఊడితే, లేదా పై చిత్తూరు జాబులో చెప్పిన లక్షణాలుంటే మాత్రం చూపించుకో. మన తిరుపతిలో రోజూ ఎంతమంది దేవుడికి జుట్టు ఇచ్చేసి నవ్వుకుంటూ పోతారో చూస్తూ ఉన్నావు కదా, కొన్నాళ్లు వాళ్లను చూసి ధైర్యం తెచ్చుకో.

ప్రశ్న: చంద్రగిరి నుంచి రాస్తున్నాను. వయసు యాభై ఎనిమిది. మనవడికి డెంగీ తగ్గితే అలిపిరి నుంచి మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ కొండెక్కుతానని మొక్కుకున్నాను. వాడికి తగ్గింది, ఆ వెంటనే నాకు చికున్‌గున్యా తగులుకుంది. ఐదు నెలలైంది, ఎడమ మోకాలు ఇంకా వాచి ఉంది. మొక్కు ఆలస్యం చేస్తే దోషమేమోనని భయం. నా బదులు కోడలు బొట్లు పెట్టవచ్చా?

జవాబు: అలిపిరి దారిలో 3,550 మెట్లు. మెట్టుకొకసారి వంగి లేవడమంటే 3,550 గుంజీలు. బాగున్న మోకాళ్లకే అది పరీక్ష, చివర్లో వచ్చేదానికి మోకాళ్ల పర్వతం అని పేరు ఊరికే పెట్టలేదు. వాచిన మోకాలితో వద్దు. వాపు ఉందంటే లోపల మంట ఆరలేదని అర్థం, ఆ మంట మీద బరువు మోపితే కీలులోని మెత్తని పొర అరిగిపోతుంది. అది అరిగాక వచ్చే నొప్పి చికున్‌గున్యాది కాదు, దానికి తిరుగు లేదు.

ముందు పలమనేరు అమ్మకు చెప్పినట్టు పరీక్షలు చేయించి మందు మొదలుపెట్టండి. ఈలోగా కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాచి, పది అంకెలు లెక్కపెట్టి దించడం పూటకు ఇరవైసార్లు. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. వాపు పూర్తిగా దిగి, పొద్దున లేవగానే కాలు సులువుగా మడత పడుతున్న నాటి నుంచి నెల రోజులు మీ మేడ మెట్లు ఎక్కి దిగండి. మరుసటి రోజు వాపు రాకపోతే కొండ సంగతి ఆలోచిద్దాం. శ్రీవారి మెట్టు మీ చంద్రగిరికి దగ్గర, 2,388 మెట్లే. కానీ మీరు మొక్కింది అలిపిరి అన్నారు, మార్చుకోమనే ధైర్యం నాకు లేదు.

నేను 2006లో మొక్కుకున్నది 2008లో తీర్చుకున్నాను. దారిలో మూడుసార్లు అరగంట చొప్పున కూర్చున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. కోడలు బొట్లు పెట్టవచ్చా అన్నది డాక్టరును అడిగే ప్రశ్న కాదు, మీ ఇంటి పురోహితుణ్ని అడగండి. ఆయన సరేనంటే మాత్రం, కోడలి వయసెంతో, ఆమెకు ఈ ఏడు ఏ జ్వరం వచ్చిందో నాకు రాయండి.